మోకాళ్ళ నూనె

నజ్లెత్ బర్సూమ్, మిన్యా జిల్లా
1987 మార్చి 10

అక్క ఇన్సాఫ్‌కు,

నీకూ నసీఫ్ బావకూ పిల్లలకూ ప్రభువు శాంతి. మీరు పోర్ట్ సయీద్ క్షేమంగా చేరారని బావ కబురు పంపాడు. రైల్లో కూర్చోవడానికి చోటు దొరికిందా? నాన్న పోయిన నలభయ్యో రోజు ప్రార్థన అయిన మర్నాడే నువ్వు బయల్దేరావని ఇక్కడ ఆడవాళ్ళు గొణిగారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారని సర్ది చెప్పాను.

ఇప్పుడు అసలు సంగతి. నిలబడి చదువుతుంటే కూర్చో. నాన్న పటం నుంచి నూనె కారుతోంది!

నువ్వు వెళ్ళిన రోజే ఆ పటాన్ని ఇంట్లోంచి, ఆయన గురువుగా, అబూనాగా సేవ చేసిన చర్చికి తీసుకెళ్ళి గోడకు తగిలించాను కదా. ఆ ఆదివారం తెల్లవారి చర్చి ఊడవడానికి వచ్చిన వదీ వాళ్ళమ్మ కేక పెట్టింది. నేను పరుగెత్తాను. పటం కింది అంచు నుంచి నూనె, చుక్కలు చుక్కలుగా. వాసన! “ఇది ఈ లోకపు వాసన కాదు అబూనా,” అని వదీ వాళ్ళమ్మ నా కాళ్ళ మీద పడింది. నేనూ చూశాను. ఏదో చల్లటి, ముక్కులోంచి తలలోకి ఎక్కే వాసన.

మధ్యాహ్నానికి ఊరంతా వచ్చింది. మర్నాటికి మల్లవీ నుంచి, ఆ పైన రెండు పల్లెల నుంచి వచ్చారు. అక్కా, నీకు తెలుసు, సువార్త పుస్తకం చంకలో పెట్టుకుని నేను ఈ పల్లెలన్నీ ఎన్నేళ్ళు తిరిగానో. కాఫీ అంగడి ముందు నిలబడి మాట్లాడితే మగవాళ్ళు డామినో బిళ్ళల మీంచి తల ఎత్తేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆ మగవాళ్ళే చెప్పులు చేత్తో పట్టుకుని వరసలో నిలబడ్డారు. లోపల చెప్పులు పెట్టడానికి చోటు లేదు.

జనానికి దారి ఉండాలని పటాన్ని బలిపీఠం తెర పక్కకు మార్చాను, ప్రభువు పటానికి దగ్గరగా. నాన్న పటం నీడలో పడుతోందని ప్రభువు పటం ముందుండే దీపాన్ని కాస్త ఇటు జరిపాం. నాన్నను చూడటానికి వస్తారు, క్రీస్తును తెలుసుకుని వెళ్తారు. వల దేవుడిది, నేను లాగేవాణ్ణి మాత్రమే.

ఇప్పుడు నాన్న పేరు వస్తే ఎవరూ “దేవుడు ఆయన్ని కరుణించుగాక” అనడం లేదు. “ఆయన దీవెన మన మీద ఉండుగాక” అంటున్నారు, పరిశుద్ధుల గురించి అన్నట్టు. నాకు కళ్ళు నిండిపోయాయి.

నీ తమ్ముడు,
అబూనా బాఖూమ్


పోర్ట్ సయీద్
మార్చి 26

తమ్ముడికి,

నిన్ను అబూనా బాఖూమ్ అని రాయాలని తెలుసు. నిన్ను గురువుగా అభిషేకించి ఆ పేరు పెట్టిన రోజు నుంచి నాన్న కూడా నిన్ను అలాగే పిలిచేవాడు, కన్న కొడుకును పట్టుకుని. నాకు మాత్రం కలం పట్టుకోగానే ఫహ్మీ అనే వస్తుంది. ఏమనుకోకు.

ఇక్కడ అందరం బాగున్నాం. ఉపవాస దినాలు కదా, మీ బావ పడవ రేవులో రోజంతా చేపల వాసన పీల్చి ఇంటికొచ్చి ఉడికించిన ఫూల్ చిక్కుడు గింజల ముందు కూర్చుని నిట్టూరుస్తాడు. చిన్నదానికి పన్ను ఊడింది. రైల్లో చోటు దొరికింది.

ఆ నూనె నేను రాసిందే.

అది నాన్న మోకాళ్ళ నూనె. నువ్వుల నూనెలో కర్పూరం. నీ ముక్కులోంచి తలలోకి ఎక్కింది కర్పూరం. ఆయన మంచాన పడ్డాడని నేను అక్కడికి వచ్చి ఉన్నప్పటి నుంచి రోజూ సాయంత్రం ధూపారాధన గంట కొట్టే వేళకు నేను ఆ నూనె పట్టేదాన్ని. “గట్టిగా పట్టు, పిండి పిసుకుతున్నావా, పిల్లిని నిమురుతున్నావా?” అనేవాడు. నువ్వు ఆ వేళకు చర్చిలో ఉండేవాడివి, అందుకే నీకు తెలియదు. ఆయన పోయాక కడగడానికి మా ఆడవాళ్ళను రానివ్వలేదు. మీ అబూనాలే కడిగి, తెల్ల వస్త్రాలు తొడిగారు. నేను గుమ్మం బయట నిలబడ్డాను. అది మన పద్ధతి, తప్పుపట్టడం లేదు.

నలభయ్యో రోజు అందరూ తిని వెళ్ళిపోయాక గంట కొట్టారు. నా చేతులు వాటంతట అవే సీసా దగ్గరకు వెళ్ళాయి. మోకాళ్ళు లేవు. పటం ఉంది. దాన్ని ఒళ్ళో బోర్లా వేసుకుని వెనక చెక్కకూ, చట్రంలో కూరిన దూదికీ, అంచులకూ పట్టించాను. సీసా ఖాళీ అయ్యేదాకా. ఎందుకని అడగకు. ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. ఎవరో ఆడమనిషి నూనె రాస్తుంటే నేను పక్కన నిలబడి చూస్తున్నట్టు ఉంది, అంతే. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా అలాగే ఉంది.

ఈ సంగతి జనానికి చెప్పు. నవ్వుతారు, నవ్వనీ.

ఇంకొకటి. సాయంత్రం ధూపం వేసేటప్పుడు చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చదువుతావు కదా. అందులో నాన్న పేరు చెబుతున్నావా?

ఇన్సాఫ్


నజ్లెత్ బర్సూమ్
ఏప్రిల్ 30

అక్కా,

క్రీస్తు లేచెను! పండగ ఎలా జరిగింది? మీ ఇంట్లో ఈసారైనా బాతు సరిగ్గా ఉడికిందా? మా ఆవిడ నీకు కమ్మటి నెయ్యి పంపాలని చూస్తోంది, మల్లవీ నుంచి పోర్ట్ సయీద్ వెళ్ళే డ్రైవరు దొరికితే.

నీ ఉత్తరం చదివి ఎంతసేపు అలా కూర్చున్నానో! ఎంత వినయం అక్కా నీది. అంతా నీ మీద వేసుకున్నావు. సరే, నూనె నీ చేత్తోనే రాశావు అనుకో. ఏడుపు లేకుండా, ఎందుకో తెలియకుండా, చేతులు వాటంతట అవే కదిలాయని నువ్వే రాశావు. ఆ చేతుల్ని కదిలించింది ఎవరు? ఒక సాయంత్రం పట్టించిన నూనె పండగ దాకా కారుతుందా? నువ్వే చెప్పు.

పండగ తర్వాతి ప్రసంగంలో నీ మాట చెప్పాను. “మా అక్క కంట చుక్క నీరు పెట్టలేదు. తండ్రి ఎక్కడికి వెళ్ళాడో తెలిసినదానికి ఏడుపెందుకు?” అన్నాను. ఆడవాళ్ళు గొల్లుమన్నారు. మాట్లాడింది కేసెట్టు తీయించాం, నెయ్యితో పాటు పంపుతున్నాను, విను. నీ తలగుడ్డ పీలిక ఒకటి పంపమని కొందరు అడుగుతున్నారు. వీలైతే చూడు.

నాన్న పేరు సంగతి. ఎలా చెప్పను అక్కా? పరిశుద్ధుడిని పట్టుకుని, దేవా ఇతన్ని కరుణించు అని అడిగితే జనం నొచ్చుకోరా? పక్క పల్లె నుంచి నలుగురు మగవాళ్ళు వచ్చారు, పెళ్ళి తర్వాత చర్చి మొహం చూడనివాళ్ళు. వాళ్ళ విశ్వాసం ఇంకా లేత మొక్క. కొన్నాళ్ళు పోనీ.

అబూనా బాఖూమ్


పోర్ట్ సయీద్
మే 22

తమ్ముడికి,

నెయ్యి అందింది. మీ ఆవిడకు నా దీవెనలు చెప్పు. బాతు ఈసారి కూడా ఉడకలేదు.

కేసెట్టు విన్నాను. మీ బావ రేవు నుంచి టేపు రికార్డరు అరువు తెచ్చాడు. నీ గొంతు మారింది ఫహ్మీ. నాన్న పాట ఎత్తుకునే ముందు సాగదీసినట్టు సాగదీస్తున్నావు. మొదటి వైపు అయిపోయింది, తిప్పి పెట్టాం. నాన్న పేరు వినపడింది. నా పేరు వినపడింది. బస్సులు ఎక్కడ ఆగుతాయో వినపడింది. ప్రభువు పేరు కోసం చూస్తూ కూర్చున్నాను. చివర్లో ఆమేన్‌కు ముందు వచ్చింది. మీ బావ “ఆయన కూడా వచ్చాడు పాపం, బస్సు దొరికినట్టుంది,” అన్నాడు. ఆయన నోటికి అదుపు లేదని నీకు తెలుసు.

నేను శాంతిగా ఉన్నానని ఊరంతా చాటావు. నేను శాంతిగా లేను. మొద్దుబారి ఉన్నాను. రెండూ ఒకటి కాదు. పోయిన వారం ఇస్త్రీ చేస్తుంటే చెయ్యి కాలింది, వాసన వచ్చేదాకా తెలియలేదు. తలగుడ్డ పీలిక పంపను. ఇంట్లో నేల తుడిచే గుడ్డలు రెండున్నాయి, కావాలంటే అవి పంపిస్తాను.

నాకు ఎవరూ నాన్న కోసం ఏడవడానికి చోటు ఇవ్వడం లేదు. ఇక్కడ మన ఊరివాళ్ళు కనిపిస్తే, “అయ్యో, నాన్న పోయాడటగా,” అంటారని ఎదురు చూస్తాను. వాళ్ళు నా చెయ్యి కళ్ళకద్దుకుని, “ఆయన దీవెన మాకూ ఇప్పించమ్మా,” అంటారు. నేను అలాగేనంటాను. కూరగాయలు కొనుక్కుని వస్తాను.

నాన్నకు ఒక అలవాటు ఉండేది, గుర్తుందా? జనం చెయ్యి ముద్దు పెట్టుకోవడానికి వంగితే, చేతిలోని చిన్న సిలువను ముందుకు జరిపి చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. వాళ్ళ పెదవులు సిలువకే తగిలేవి. ఒకసారి నేను చిన్నప్పుడు అడిగితే, “నా చేతిలో ఏముందే, ఉల్లిపాయల కంపు,” అన్నాడు.

ప్రభువు పటం ముందు దీపం ఎవరు వెలిగిస్తున్నారు ఇప్పుడు?

నాన్న పేరు చెప్పు.

ఇన్సాఫ్


నజ్లెత్ బర్సూమ్
జూన్ 30

అక్కా,

నీ ఉత్తరానికి జవాబు రాయకూడదనే అనుకున్నాను. తర్వాత, రాయకపోతే నువ్వు గెలిచినట్టు అవుతుందనిపించింది.

నువ్వు ఆయన మోకాళ్ళు పట్టావు. కాదనను. నేను ఆయన చర్చిని పట్టుకుని ఉన్నాను. ఆరాధనకు నలుగురు ముసలమ్మలు, ఇద్దరు పాటగాళ్ళు మిగిలిన చర్చిని. చలిలో తెల్లవారుజామున ఖాళీ బెంచీలకు ప్రసంగం చెప్పడం ఎలా ఉంటుందో నీకు తెలియదు. దేవుడు ఒక తలుపు తెరిచాడు. దూరంగా సముద్రం ఒడ్డున కూర్చుని, ఆ తలుపుకు రంగు బాగాలేదంటున్నావు. నీకు ఇందులో చోటు లేకుండా పోయిందని బాధగా ఉందేమో. అదైతే చెప్పు. ఆగస్టులో మరియమ్మ ఉపవాసాలప్పుడు ఇక్కడ ఉజ్జీవ కూటాలు పెడుతున్నాం. వచ్చి పటం పక్కన కూర్చుని నాన్న కబుర్లు చెప్పు. ఆడవాళ్ళు నీ చుట్టూ మూగిపోతారు.

మేము ప్రభువును మరిచిపోయామనుకోకు. సువార్త చదవకుండా ఏ రోజూ లేదు. మొన్నొక నవ్వొచ్చే సంగతి జరిగింది. నేను సువార్త పుస్తకం తల మీదికి ఎత్తి పట్టుకుని నిలబడ్డాను, అందరూ లేచి నిలబడాల్సిన చోటు. వెనక నుంచి ఒకావిడ, “కాస్త పక్కకు జరుగు అబూనా, పటం కనపడటం లేదు,” అంది. అమాయకులు అక్కా. ప్రేమ ఎక్కువ. నేను జరిగాను.

ఎండలకు నూనె కాస్త తగ్గింది.

అబూనా బాఖూమ్


పోర్ట్ సయీద్
జులై 19

ఫహ్మీ,

నేను రాను. అసూయతో కాదు. అసూయ పడాలన్నా లోపల ఏదో కదలాలి కదా.

నవ్వొచ్చే సంగతి మీ బావకు చదివి వినిపించాను. నవ్వాడు. “జరిగాను” అన్నచోట నవ్వు ఆపేశాడు. లేచి బయటికి వెళ్ళి చాలాసేపు సిగరెట్టు కాల్చాడు.

ఖాళీ బెంచీల సంగతి నాకు తెలుసు. నాన్న నీకంటే ముందు వాటికే చెప్పాడు. ఇంటికొచ్చి ఫూల్ తినేవాడు. “ఎవరొచ్చారు నాన్నా?” అంటే, “ఎవరి కోసం వెళ్ళానో ఆయన వచ్చాడు,” అనేవాడు. అప్పట్లో నాకు అది తప్పించుకునే మాటలా అనిపించేది.

నాన్న మనిషి. మనుషుల కోసం అడిగేది ఆయన కోసం కూడా అడుగు. ఇంకేమీ అడగను.

ఇన్సాఫ్


నజ్లెత్ బర్సూమ్
ఆగస్టు 4

అక్కా,

శుక్రవారం నుంచి ఉపవాసాలు. బస్సులు మాట్లాడుకున్నారు. బిషప్ గారి తరఫున కూడా ఎవరో వస్తున్నారు. పటం పూర్తిగా ఎండిపోయింది. మొన్న వచ్చినవాళ్ళు దూది రుద్ది చూసుకుని, మొహాలు చూసుకుని, ప్రసంగం మొదలుకాకముందే వెళ్ళిపోయారు.

నాన్న నూనె ఎవరి కొట్లో కొన్నావు? ఈ ఉత్తరం తెచ్చిన డ్రైవరు చేతికే జవాబు ఇవ్వు.

బాఖూమ్


పోర్ట్ సయీద్
ఆగస్టు 8

మల్లవీ బజారులో, గోధుమల రేవుకు వెళ్ళే సందు మొదట్లో హజ్ అబ్దుల్ ఆల్ అని మూలికల కొట్టు. మోకాళ్ళ నూనె అంటే ఆయనే కలిపి ఇస్తాడు. కర్పూరం ఎక్కువ వేయమని చెప్పు, నాన్నకు అలాగే వేసేవాడు.

ఎందుకని అడగను.

ఇన్సాఫ్


నజ్లెత్ బర్సూమ్
ఆగస్టు 26

అక్కా,

ఈ డ్రైవరు నీకు గోనెసంచిలో చుట్టిన మూట ఇస్తాడు. ముందు ఉత్తరం చదువు.

కూటాల నడిమి శనివారం పొద్దున్నే మల్లవీ వెళ్ళాను. కొట్టు దొరికింది. హజ్ అబ్దుల్ ఆల్ నా నల్ల అంగీ, గడ్డం చూసి బల్ల తుడిచి కూర్చోమన్నాడు. “మోకాళ్ళ నూనె కావాలి, కర్పూరం ఎక్కువ,” అన్నాను. కలుపుతూ కలుపుతూ ఆగాడు.

“నువ్వు సరబామోన్ గారి అబ్బాయివా?”

అవునన్నాను.

“ఈ కొలత ఆయనదే. మీ అక్క వచ్చి తీసుకెళ్ళేది. కొన్నాళ్ళుగా రావడం మానేస్తే, ఆయన పోయాడేమోననే అనుకున్నాను.” సీసాకు మూత బిగించి నా చేతిలో పెట్టి, నా చెయ్యి వదలకుండా అన్నాడు: “దేవుడు ఆయన్ని కరుణించుగాక నాయనా. నడవడానికి ఎంత అవస్థపడేవాడో పాపం.”

అంతే అన్నాడు. మేకలకు గడ్డి వేసినంత మామూలుగా. నూనె కారడం మొదలై ఇన్ని నెలలైంది, చర్చికి ఎంతో జనం వచ్చారు, ఆ మాట నాతో ఎవరూ అనలేదు. నేనే అననివ్వలేదు. ఒక ముస్లిం ముసలాయన, నాన్నను ఎప్పుడూ ప్రార్థనలో చూడనివాడు, ఆయన కోసం దేవుణ్ణి అడిగాడు. కొడుకును, గురువును, నేను అడగలేదు. డబ్బు ఇచ్చానో లేదో గుర్తులేదు. ఇవ్వలేదేమో, నువ్వెప్పుడైనా వస్తే ఇద్దాం.

తిరిగొచ్చి, జనం చెట్ల కింద అన్నాలు తింటుండగా చర్చిలోకి వెళ్ళాను. పటాన్ని గోడ నుంచి కాస్త లాగి మూత తీశాను. వాసన వచ్చింది. నీ ఉత్తరం నేను మార్చిలోనే చదివాను, అయినా ఆ మోకాళ్ళు నాకు అప్పుడే కనిపించాయి. వాచి, మెరుస్తూ. మూత పెట్టేశాను. పక్కకు చూస్తే ప్రభువు పటం ముందు ఖాళీ గొలుసు వేలాడుతోంది. నువ్వు అడిగావు కదా, దీపం ఎవరు వెలిగిస్తున్నారని. ఎవరూ లేరక్కా. బూజు పట్టింది.

దీపం తీసుకెళ్ళి దాని చోట తగిలించాను. నాన్న పటం దించి మూల గదిలో పెట్టాను.

సాయంత్రం ధూపం వేళ చనిపోయినవాళ్ళ ప్రార్థనలో, “నీ సేవకుడు, మా తండ్రి సరబామోన్‌ను కరుణించి విశ్రాంతి ఇవ్వు ప్రభువా,” అన్నాను. వదీ వాళ్ళమ్మ గట్టిగా అరిచింది: “అయ్యో అబూనా, ఆయన కోసం మనం అడగడమేంటి? నోరు జారిందా?” అప్పుడు తెర ముందుకు వచ్చి చెప్పాను. నూనె మోకాళ్ళదని, మా అక్క రాసిందని, నాకు మార్చి నుంచీ తెలుసని, ఇవాళ రెండో సీసా కొన్నానని. సీసా చూపించాను కూడా.

మనవాళ్ళు మంచివాళ్ళే, అయినా ఎవరో, “సొంత తండ్రి మీద కుళ్ళు,” అన్నారు. ఒకావిడ, నేను ఎవరి ఒత్తిడికో లొంగి అబద్ధం చెబుతున్నానని ఏడ్చింది. బస్సులు ఆ పూటే వెళ్ళిపోయాయి. బిషప్ గారి మనిషి నన్ను పక్కకు పిలిచి, ఇలాంటివి చెప్పే పద్ధతి ఒకటి ఉంటుందన్నాడు. కాఫీ అంగడి దగ్గర నన్ను చూస్తే ఇప్పుడు దగ్గడం మొదలుపెట్టి మోకాలు రుద్దుకుంటారు.

మిగతా రోజులు కూటాలు మానలేదు. మైకు అవసరం పడలేదు. ఆ నలుగురు ముసలమ్మలు, పాటగాళ్ళు, ఎందుకో పక్క పల్లె మగవాళ్ళలో ఒకడు. ప్రభువు గురించి చెప్పాను. అక్కా, మాటలు తడుముకున్నాను. చాలాకాలమైంది కదా. ఆయన పేరు ఎత్తి, తర్వాత ఏం చెప్పాలో తెలియక నిలబడిపోయాను. ఆ పక్క పల్లెవాడు, “తొందరేం లేదు అబూనా, చెప్పు,” అన్నాడు.

తేలికపడ్డానని రాయలేను. బెంచీలు ఖాళీగానే ఉన్నాయి.

మూటలో నాన్న పటం ఉంది. ముద్దులకూ దూదికీ మొహం సగం చెరిగిపోయింది. సీసా కూడా పెట్టాను. దాన్ని ఏం చేయాలో నాకు తెలియలేదు.

నన్ను క్షమించు.

ఫహ్మీ


పోర్ట్ సయీద్
సెప్టెంబరు 13

ఫహ్మీ,

మన చర్చి కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. ఎర్ర ఖర్జూరాలు వచ్చాయి, మీకు పంపుదామంటే డ్రైవరు ముందే వెళ్ళిపోయాడు. చిన్నదానికి కొత్త పన్ను వచ్చింది, వంకరగా.

మూట అందింది. మూడు రోజులు విప్పలేదు. వంటింట్లో బియ్యం సంచి పక్కన పెట్టి దాని చుట్టూ తిరుగుతూ పని చేసుకున్నాను. మీ బావ విప్పుతానంటే వద్దన్నాను.

నిన్న శనివారం సాయంత్రం ఇక్కడి చర్చిలో ధూపారాధన గంట కొట్టారు. గోనె విప్పాను. నువ్వు రాసినట్టే మొహం సగం లేదు. నుదురు, ఒక కన్ను, చేతిలో సిలువ మిగిలాయి. సీసా మూత తీశాను. అరచేతిలో కాస్త పోసుకుని ఎప్పటిలాగే రెండు చేతులూ రుద్ది వేడి చేశాను. పటానికి రాయలేదు. అలా పట్టుకుని కూర్చున్నాను. చేతులకు పని లేదు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నువ్వు ఆ వేళకు అక్కడ ఆయన పేరు చెబుతూ ఉంటావని గుర్తొచ్చింది.

తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు. పక్కింటివాళ్ళు వచ్చారు. పిల్లలు భయపడి మంచం కిందికి దూరారు. మీ బావ రేవు నుంచి వస్తూ వీధి మొదట్లోనే నా గొంతు విన్నాడట, చేపల సంచి అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చాడు. భుజాలు పట్టుకుని కుదిపి, “ఏమైందే, ఎవరికి ఏమైంది?” అన్నాడు.

“మా నాన్న చనిపోయాడు,” అన్నాను.

ఇన్సాఫ్